సబ్సిడీ ఎంత, ఉన్న చోటు వల్ల వచ్చే లాభం ఎంత: ఎలా విడదీయాలి?

విమాన సంస్థల మధ్య పోటీ గురించి చదువుతూ ఒక చోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

2015లో అమెరికా విమాన సంస్థలు డెల్టా, అమెరికన్, యునైటెడ్ కలిసి గల్ఫ్ సంస్థలైన ఎమిరేట్స్, ఎతిహాద్, ఖతార్ ఎయిర్‌వేస్‌ల మీద ఫిర్యాదు చేశాయి. దాదాపు పదేళ్లలో గల్ఫ్ సంస్థలకు 4,000 కోట్ల డాలర్లకు పైగా ప్రభుత్వ సాయం అందిందని అమెరికా సంస్థల వాదన. గల్ఫ్ సంస్థలు మూడూ కాదన్నాయి.

నా చిక్కు ఇక్కడే. దుబాయ్, దోహా నగరాలు యూరప్‌కీ ఆసియాకీ మధ్యలో ఉన్నాయి. అక్కడ ఒక్కసారి విమానం మారితే ఎన్నో ఊళ్లు అందుతాయి. ఆ లాభం ఏ ప్రభుత్వమూ ఇచ్చింది కాదు. కానీ విమానాశ్రయం, విమాన సంస్థ రెండూ ఒకే ప్రభుత్వానివైతే, తక్కువ ల్యాండింగ్ ఛార్జీని వ్యాపార నిర్ణయం అనాలా, సాయం అనాలా? నష్టాలు పూడ్చడానికి పెట్టిన వాటా ధనాన్ని పెట్టుబడి కింద రాయాలా?

పైగా 2020లో తన విమాన సంస్థ లుఫ్తాన్సాకి జర్మనీ 900 కోట్ల యూరోల ప్యాకేజీ ఇచ్చింది. నా దృష్టిలో అదీ సబ్సిడీయే. ఏళ్ల తరబడి ఇటలీ డబ్బు పోసినా దాని జాతీయ విమాన సంస్థ అలిటాలియా 2021లో మూతపడింది. కాబట్టి జాతీయ సంస్థల కష్టాలన్నిటికీ విదేశీ సబ్సిడీలే కారణమని నేను నమ్మలేకపోతున్నాను.

గల్ఫ్ సంస్థలకు అందిందంటున్న సాయాన్నీ, యూరప్ ప్రభుత్వాలు ఇచ్చిన సాయాన్నీ ఒకే కొలతతో పోల్చే పద్ధతి ఏదైనా ఉందా? సంస్థల వార్షిక లెక్కల్లో ముందుగా ఏ పద్దులు చూడాలో చెప్పినా చాలు.