ల్యాప్‌టాప్ మైక్ ఫిక్స్ చేశా, ఆ ప్యాచ్ (కోడ్ మార్పు) లైనక్స్ కెర్నెల్‌లోకి పంపాలంటే ఎలా?

సౌండ్_పిచ్చోడు
హాయ్ అందరికీ. నాది రైజెన్ 6000 సిరీస్ ల్యాప్‌టాప్, లైనక్స్ వేస్తే స్పీకర్లు బానే మోగుతున్నాయి గానీ లోపలి మైక్ అసలు కనపడదు, ఏరికార్డ్ -ఎల్ (రికార్డింగ్ పరికరాల లిస్టు చూపే కమాండ్) కొడితే ఆ కార్డే లిస్టులో లేదు. తవ్వితే తేలిందేంటంటే మైక్ ఉందని బయోస్ చెప్పాలంట, మా ల్యాప్‌టాప్ బయోస్ చెప్పట్లేదు, అలాంటి వాటి కోసం కెర్నెల్‌లో (లైనక్స్ గుండెకాయ లాంటి కోడ్) ఏసీపీ6ఎక్స్ అనే ఏఎండీ సౌండ్ డ్రైవర్ ఫైల్‌లో మోడల్ పేర్ల టేబుల్ ఒకటి పెట్టారు. డీఎంఐడీకోడ్‌తో నా మోడల్ పేరు తీసి అందులో 7 లైన్ల ఎంట్రీ వేసి బిల్డ్ చేస్తే మైక్ వచ్చేసింది!! ఇప్పుడు ఇది అందరికీ వెళ్లాలంటే గిట్‌హబ్‌లో లైనస్ (లైనక్స్ మొదలుపెట్టినాయన) రెపోకి పీఆర్ (మార్పు కలుపుకోమనే రిక్వెస్ట్) పెట్టేస్తే సరిపోతుందా? ఇంకోటి, ప్యాచ్ మెసేజ్ చివర మన పేరు, మెయిల్ ఐడీ రాసే సైన్డ్-ఆఫ్-బై లైన్‌లో ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా?

పాత_కెర్నెల్_కాపు
కంగ్రాట్స్ బ్రో. పీఆర్ పెట్టకు, గిట్‌హబ్‌లో ఉన్నది ఉత్త మిర్రర్ (కాపీ), అక్కడ పీఆర్‌లు ఎవరూ తీసుకోరు. అంతా ఈమెయిలే.

ముందు గెట్_మెయింటైనర్ స్క్రిప్ట్‌కి నీ ప్యాచ్ ఇవ్వు, ఎవరికి పంపాలో అదే చెప్తుంది. నీది ఎసాక్ (కెర్నెల్ సౌండ్ కోడ్‌లో ఒక భాగం) కింద వస్తుంది కాబట్టి మార్క్ బ్రౌన్ చూస్తాడు. అదే రియల్‌టెక్ కోడెక్ వల్ల స్పీకర్ రాకపోతే అది హెచ్‌డీఏ (సౌండ్ కోడ్‌లోనే ఇంకో భాగం), తకాషి ఇవాయ్ చూస్తాడు, అక్కడి టేబుల్ ఐడీల వరసలో ఉండాలి, ఎక్కడ పడితే అక్కడ దూర్చేస్తే కుదరదు.

సబ్జెక్ట్ లైన్ మీద శ్రద్ధ పెట్టు. ఆ ఫైల్ మీద గిట్ లాగ్ కొట్టి పాతవాళ్లు ఎలా రాశారో చూడు, "ఎసాక్: ఏఎండీ: వైసీ:" అని మొదలవుతాయి (ఇంగ్లీష్‌లోనే రాయాలి లే). అది లేకపోతే సబ్‌సిస్టమ్ స్టైల్‌లో రాయమని మార్క్ దగ్గర్నుంచి రెడీమేడ్ రిప్లై ఒకటి వస్తుంది, తిట్టాడనుకోకు, అందరికీ అదే పంపుతాడు. కింద మెసేజ్‌లో "మైక్ ఫిక్స్" అని వదిలేయకుండా ఏ మోడల్, ఏం పనిచేయట్లేదు, ఈ ఎంట్రీ వేస్తే ఎందుకు పనిచేస్తుంది, ఈ మూడూ రాయి, రెండు మూడు లైన్లు చాలు.

పేరు నీ ఇష్టం, ఎటైనా పెట్టుకో, కానీ ఫ్రమ్‌లో ఉన్న పేరూ మెయిల్ ఐడీ సైన్డ్-ఆఫ్‌తో కలవాలి, లేదంటే చెక్‌ప్యాచ్ (ప్యాచ్‌లో తప్పులు వెతికే స్క్రిప్ట్) గొణుగుతుంది.

లినక్స్_అక్క
పైన చెప్పినవన్నీ కరెక్టే, కానీ అసలు చాలామంది ఆగిపోయేది మెయిల్ దగ్గర. జీమెయిల్‌ని బ్రౌజర్‌లో తెరిచి ప్యాచ్ పేస్ట్ చేస్తే ట్యాబ్‌లన్నీ స్పేస్‌లు అయిపోతాయి, లైన్లు విరిగిపోతాయి, ఇక ఆ ప్యాచ్ ఎవరి దగ్గరా అప్లై కాదు. హెచ్‌టీఎంఎల్ మెయిల్ అయితే లిస్టు సర్వరే వెనక్కి కొట్టేస్తుంది. గిట్ సెండ్-ఈమెయిల్ (ప్యాచ్‌ని నేరుగా మెయిల్‌గా పంపే కమాండ్) వాడండి, జీమెయిల్ అయితే టూ-స్టెప్ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. మొదట మీ మెయిల్‌కే పంపుకుని, వచ్చింది సేవ్ చేసి గిట్ ఏఎమ్‌తో అప్లై అవుతుందో లేదో చూడండి.

మార్పులు అడిగితే వీ2 (రెండో వెర్షన్) పంపాలి, కొత్త మెయిల్‌గా, పాత ప్యాచ్‌కి రిప్లైగా కాదు. ఏం మారిందో ప్యాచ్‌లో మెసేజ్ తర్వాత వచ్చే మూడు గీతల కింద రాయండి, అక్కడ రాసింది కమిట్‌లోకి వెళ్లదు. ఇంకా ముఖ్యం, ఎలాగూ ఫైల్ తెరిచాం కదా అని పక్కనున్న స్పేసింగ్ కూడా సర్దేసి ఒకే ప్యాచ్‌లో కుక్కకండి.

సౌండ్_పిచ్చోడు
థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. పంపాక ఎన్ని రోజులు చూడాలి? మధ్యలో ఒకసారి పింగ్ చేయొచ్చా? ఆఫీస్ మెయిల్ నుంచి పంపితే పర్లేదా?

పాత_కెర్నెల్_కాపు
రెండు వారాలు ఆగు. అందులో మర్జ్ విండో (తర్వాతి వెర్షన్‌కి కొత్త కోడ్ కలుపుకునే టైమ్) పడితే ఇంకా ఆగు, కొత్త వెర్షన్ వచ్చాక రెండు వారాల పాటు వాళ్లు ఆ హడావిడిలోనే ఉంటారు. ఉత్త పింగ్ కొట్టడం మార్క్‌కి నచ్చదు, పోయిందనిపిస్తే ప్యాచే మళ్లీ పంపు. తీసుకుంటే ఫర్-నెక్స్ట్ అనే బ్రాంచ్‌లోనో ఇంకో బ్రాంచ్‌లోనో అప్లై అయిందని మెయిల్ వస్తుంది. ఇలాంటి మోడల్ ఎంట్రీలు స్టేబుల్ కెర్నెల్స్‌లోకి (ఇప్పటికే విడుదలైన వెర్షన్లు) కూడా తీసుకుంటారు, కాబట్టి ప్యాచ్ మెసేజ్‌లో సైన్డ్-ఆఫ్ దగ్గర "సీసీ: స్టేబుల్" లైన్ పెట్టు, లేకపోతే పాత ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి సపోర్ట్ ఉండే వెర్షన్) వాడేవాళ్లు మైక్ లేకుండానే ఉండిపోవచ్చు.

లినక్స్_అక్క
ఆఫీస్ మెయిల్ వద్దండి. కింద "ఈ మెయిల్ గోప్యం" అని డిస్‌క్లెయిమర్ అతుక్కుని వస్తుంది, పబ్లిక్ లిస్టులో ఆ తోకతో ప్యాచ్ తీసుకోరు. ఇంకోటి, సైన్డ్-ఆఫ్-బై పెట్టామంటే ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని రాసిచ్చినట్టే. ఇంట్లో సొంత టైమ్‌లో రాసినా సరే, కొన్ని కంపెనీల ఆఫర్ లెటర్లో మీరు రాసే కోడ్ అంతా వాళ్లదే అని ఉంటుంది. ఒకసారి తీసి చదువుకోండి, అలా ఉంటే మేనేజర్ని అడిగి మెయిల్‌లో ఓకే తీసుకున్నాకే పంపండి.