ఎంసీపీ ఎక్స్ మెయిన్ మోటార్ బ్రష్‌లెస్‌కి మార్చాలి: సిగ్నల్ ఎక్కడ్నించి తీయాలి?

గాజువాక_రోటర్:
అందరికీ నమస్తే. నా దగ్గరున్నది బ్లేడ్ ఎంసీపీ ఎక్స్ అనే చిన్న రిమోట్ హెలికాప్టర్, 1ఎస్ (ఒకే సెల్) 200 ఎంఏహెచ్ బ్యాటరీ. మెయిన్ మోటార్ బ్రష్‌లు అరిగి లిఫ్ట్ పడిపోయింది. మళ్ళీ అదే మోటార్ కొనకుండా బ్రష్‌లెస్ వేద్దామని చూస్తున్నా. బోర్డ్ నుంచి మోటార్‌కి రెండు వైర్లే వస్తున్నాయి, సర్వో సిగ్నల్ లాంటిదేమీ లేదు. మరి ఈఎస్‌సీకి (బ్రష్‌లెస్ మోటార్‌ని నడిపే స్పీడ్ కంట్రోలర్) సిగ్నల్ ఎలా ఇవ్వాలి? ఎన్ని కేవీ (వోల్ట్‌కి నిమిషానికి ఎన్ని చుట్లు) తీసుకోవాలి? 2ఎస్ (రెండు సెల్‌లు) పెట్టొచ్చా? తోక మోటార్ అలాగే ఉంచితే సరిపోతుందా?

సోల్డర్_ఎంవీపీ:
ముందు 2ఎస్ సంగతి: వద్దండి. ఆ బోర్డ్, సర్వోలు 1ఎస్‌కే చేసినవి. 8.4 వోల్ట్‌లు తగిలితే బోర్డ్ పోతుంది.

అసలు పనంతా సిగ్నల్ దగ్గరే. బోర్డ్‌లో మోటార్ ప్లస్ నేరుగా బ్యాటరీకే ఉంటుంది. మైనస్ వైపు ఒక మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) స్పీడ్‌ని బట్టి ఆన్-ఆఫ్ చేస్తుంది. కాబట్టి ఆ రెండు వైర్లు ఈఎస్‌సీకి కలిపితే ఏమీ జరగదు. ఆ ఫెట్‌ని తీసేసి, దాని గేట్ ప్యాడ్ నుంచి సన్నని వైర్ తీసి ఈఎస్‌సీ సిగ్నల్‌కి ఇవ్వాలి. గేట్‌లో ఉండేది డ్యూటీ సైకిల్ (ఎంత శాతం సేపు ఆన్‌లో ఉందనేది, అదే పీడబ్ల్యూఎం), మామూలు సర్వో సిగ్నల్‌లా 1-2 మిల్లీసెకన్ల పల్స్ కాదు. అందుకే పాత బీఎల్‌హెలి ఫర్మ్‌వేర్ (ఈఎస్‌సీ లోపలి ప్రోగ్రామ్) 'మెయిన్' రకం ఉన్న ఈఎస్‌సీ కావాలి (ఎక్స్‌పీ-7ఏ లాంటిది), అందులో పీడబ్ల్యూఎం ఇన్‌పుట్ ఆన్ చేయాలి. 1, 2, 4, 8, 12 కిలోహెర్ట్జ్‌లు అది చదువుతుంది. క్వాడ్‌ల (నాలుగు రోటర్ల డ్రోన్‌లు) కోసం దొరికే బీఎల్‌హెలి-ఎస్ కొనొద్దు, దానికి ఈ సిగ్నల్ అర్థం కాదు. మార్కెట్లో ఎక్కువగా కనిపించేది అదే, జాగ్రత్త.

ఫెట్ తీయడానికి హాట్ ఎయిర్ మేలు. మీ దగ్గర లేకపోతే మొబైల్ రిపేర్ షాపులో అడగండి. ఐరన్‌తో పెకిలిస్తే ప్యాడ్ లేచిపోతుంది, అది లేస్తే సిగ్నల్ తీయడం నరకం.

ఈఎస్‌సీ పవర్ వైర్లు బోర్డ్ మీదుగా వద్దు. బ్యాటరీ కనెక్టర్ దగ్గరే సోల్డర్ చేయండి. లేదంటే ఒక్కసారిగా థ్రాటిల్ ఇచ్చినప్పుడు వోల్టేజ్ కుంగి రిసీవర్ రీసెట్ అవుతుంది, హెలి గాల్లోంచి రాయిలా పడుతుంది.

కేవీ: 14,000 దగ్గర చుట్టిన మోటార్ 1ఎస్‌కి సరిపోతుంది. 14,000 × 3.7 అంటే లోడ్ లేకుండా నిమిషానికి 51,800 చుట్లు. ఉదాహరణకి 8 పళ్ళ పినియన్, 72 పళ్ళ మెయిన్ గేర్ అనుకుంటే 9తో భాగించండి, రోటర్‌కి 5,755. లోడ్‌లో ముప్పావు వంతు మిగిలినా 4,300 పైనే. మీ గేర్ పళ్ళు లెక్కపెట్టి, మోటార్ షాఫ్ట్ మందం కొలిచి ఆ తర్వాతే పినియన్ ఆర్డర్ చేయండి.

బ్యాటరీ కూడా మార్చాల్సిందే. పాతవి ఉబ్బినవి కాకపోయినా కరెంట్ ఇవ్వలేవు.

టెయిల్‌బూమ్:
పైన చెప్పినదంతా కరెక్టే, తోక గురించి మాత్రం ఇంకా చెప్పాలి. మెయిన్ రోటర్ ఒక్కసారిగా టార్క్ ఇస్తే పాత కోర్‌లెస్ తోక మోటార్ నిలబెట్టలేదు, ముక్కు ఎడమకి తిరిగిపోతుంది. ముందు పిచ్ కర్వ్ (స్టిక్‌కి బ్లేడ్ కోణం ఎంత మారాలనేది) తగ్గించి, ఈఎస్‌సీలో గవర్నర్ (రోటర్ వేగాన్ని ఒకేలా ఉంచేది), సాఫ్ట్ స్టార్ట్ పెట్టి చూడండి. మామూలుగా ఎగరేసేవాళ్ళకి అది చాలు. 3డీ (తలకిందులు విన్యాసాలు) చేయాలంటే తోక కూడా బ్రష్‌లెస్ చేయక తప్పదు. దానికి వేరే ఈఎస్‌సీ, బీఎల్‌హెలి 'టెయిల్' రకం, డ్యాంప్డ్ మోడ్ ఆన్. డ్యాంప్డ్ లేకపోతే తోక ప్రొపెల్లర్ వేగం వెంటనే తగ్గదు, తోక ఊగిసలాడుతుంది. ఇంకో మాట: ఈ హెలి బరువే 45 గ్రాములు, ప్రతి అర గ్రామూ లెక్కే. పొడుగు వైర్లు కత్తిరించండి.

గాజువాక_రోటర్:
థాంక్స్ అన్నా. తోక ప్రస్తుతానికి అలాగే ఉంచుతాను. మోటార్ బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

సోల్డర్_ఎంవీపీ:
స్క్రూ పొడవు ముందు చూడండి. ఎక్కువైతే వైండింగ్‌కి తగిలి షార్ట్ అవుతుంది, మోటార్ వాసన వచ్చేదాకా తెలియదు. పినియన్‌కి, గేర్‌కి మధ్య పలుచని కాగితం పెట్టి బిగించి, కాగితం లాగేయండి. థ్రెడ్‌లాక్ ప్లాస్టిక్ ఫ్రేమ్‌కి తగలకూడదు, పగుళ్ళొస్తాయి. మొదటిసారి బ్లేడ్లు తీసేసి తిప్పండి. మోటార్ రివర్స్‌లో తిరిగితే దాని మూడు వైర్లలో ఏవైనా రెండు మార్చండి, చాలు.

భీమిలి_గాలి:
మన విశాఖ సంగతి ఒకటి. బీచ్‌లో దించొద్దు. భీమిలి వైపు ఇసుకలో ఇల్మనైట్, మాగ్నటైట్ ఉంటాయి, నల్లగా కనిపించేది అదే. బ్రష్‌లెస్ బెల్ (బయట తిరిగే డబ్బా) అయస్కాంతాలు దాన్ని పట్టేసుకుంటాయి, లోపలి స్టేటర్‌కి (కదలని తీగచుట్ల భాగం) మధ్య సందులో చిక్కి మోటార్ గరగరమంటుంది. ఊదితే పోదు. బెల్ విప్పి టేప్‌తో అద్ది తీయాలి. ఉప్పు గాలికి షాఫ్ట్ తుప్పు పడుతుంది, బేరింగ్‌లో సన్నని నూనె చుక్క వేయండి. గాజువాక అంటే ఎయిర్‌పోర్ట్ దగ్గరే, అది నేవీ వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగా. బయట ఎగరేసే ముందు డిజిటల్ స్కై (ప్రభుత్వ డ్రోన్ సైట్) మ్యాప్‌లో జోన్ చూసుకోండి. లేకపోతే ఖాళీ హాలే మంచిది, గాలి బెడదా ఉండదు.