1జెడ్‌యూఎం ఫైలులో హెలిక్స్ కనిపించడం లేదు: ఫైలు పాడైందా, ఎంజైమే అలా ఉందా?

హారిక_బయోకెమ్:

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. సెమినార్‌కు మన మైటోకాండ్రియాలోని ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్-2 ఎంజైమును ఎంచుకున్నాను. మద్యం తాగితే ఒంట్లో పుట్టే ఎసిటాల్డిహైడ్‌ను ఎసిటేట్‌గా మార్చేది ప్రధానంగా ఇదే. తూర్పు ఆసియా ప్రజల్లో చాలామందికి దీని 487వ స్థానంలో గ్లూటమేట్‌కు బదులు లైసీన్ ఉంటుందని, వారిలో ఎంజైము దాదాపు పనిచేయదని చదివాను. ఎందుకు పనిచేయదో మాత్రం మా పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేసింది.

ప్రొటీన్ల త్రిమితీయ ఆకృతులు భద్రపరిచే ప్రొటీన్ డేటా బ్యాంకు నుంచి మామూలు ఎంజైము ఫైలు 1సీడబ్ల్యూ3, లైసీన్ రకం ఫైలు 1జెడ్‌యూఎం దించుకుని పక్కపక్కన పెట్టి చూశాను. రసాయన చర్య జరిగేది సిస్టీన్ 302 దగ్గర. 487 అక్కడికి చాలా దూరంలో ఉంది. అంత దూరాన ఒక్క ఎమినో ఆమ్లం మారితే మొత్తం పని ఎలా ఆగిపోతుంది? ఇంకొకటి, రెండో ఫైలులో ఎమినో ఆమ్లాల గొలుసు మధ్యమధ్యలో తెగిపోయి కనిపిస్తోంది. 245 దాటాక ఉండాల్సిన హెలిక్స్, అంటే గొలుసు స్ప్రింగులా మెలితిరిగే భాగం, లేనే లేదు. మళ్ళీ దించుకున్నా అంతే. కొన్ని వ్యాసాల్లో ఇదే మార్పును 504 అని రాస్తున్నారు. అది వేరే మార్పా?

ఎక్స్‌రే_మాస్టారు:

హారిక గారూ, చాలా మంచి ప్రశ్న. ఫైలు చక్కగానే ఉంది. మీకు కనిపించని ఆ ముక్కలోనే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. నేను చాలా ఏళ్ళుగా ప్రొటీన్ స్ఫటికాలతోనే పని చేస్తున్నాను. విద్యార్థులకు చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ముందు అంకెల సంగతి. ఈ ఎంజైముకు జన్యువు కేంద్రకంలో, 12వ క్రోమోజోము మీద ఉంది. ప్రొటీన్ తయారయ్యేటప్పుడు 517 ఎమినో ఆమ్లాలు ఉంటాయి. మైటోకాండ్రియాలోకి దారి చూపే మొదటి 17 లోపలికి వెళ్ళాక తెగిపోతాయి, 500 మిగులుతాయి. మొదటి నుంచి లెక్కపెట్టేవారికి 504, తెగిన తరువాత లెక్కపెట్టేవారికి 487. మార్పు ఒక్కటే.

ఇక ఫైలు సంగతి. 1జెడ్‌యూఎంను ప్రొటీన్ బొమ్మలు చూపే పైమాల్‌లో కాకుండా మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. పైభాగంలో 'రిమార్క్ 465' అనే వరుసలు ఉంటాయి. స్ఫటికంలో ఉండి కూడా ఎక్స్‌రేలకు చిక్కని ఎమినో ఆమ్లాల జాబితా అది. ఎక్స్‌రే చిత్రం స్ఫటికంలోని కోట్ల అణువుల సగటు. ఒక భాగం అన్ని అణువుల్లోనూ ఒకే చోట నిలకడగా ఉంటేనే ఎలక్ట్రాన్ సాంద్రత స్పష్టంగా వస్తుంది. ఒక్కో అణువులో ఒక్కో తీరున ఊగుతుంటే ఆ సాంద్రత చెదిరిపోతుంది. నిజాయతీ గల శాస్త్రవేత్త అక్కడ పరమాణువులను ఊహించి పెట్టడు, ఖాళీగా వదిలేస్తాడు. మీరు చూసింది ఆ ఖాళీనే.

ఇప్పుడు 1సీడబ్ల్యూ3కి రండి. ఈ ఎంజైము నాలుగు సబ్‌యూనిట్ల (ఒకేలాంటి గొలుసుల) కూటమి, అంటే రెండు జంటలు. గ్లూటమేట్ 487 ఉండేది జంటలోని ఇద్దరూ కలిసే సరిహద్దు మీద. రుణావేశం గల ఈ గ్లూటమేట్ ఒక పక్క తన సొంత గొలుసులోని ఆర్జినిన్ 264ను, మరో పక్క జంటలోని రెండో గొలుసు ఆర్జినిన్ 475ను పట్టుకుని ఉంటుంది. రెండూ ధనావేశం గలవి. అక్కడికి ధనావేశమే గల లైసీన్ వస్తే ఏమవుతుంది? రెండు పట్లూ ఒకేసారి సడలిపోతాయి. పందిరి మూల గుంజ వదులైతే దూరంగా ఉన్న తడిక కూడా జారుతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే.

ఆర్జినిన్ 264కు కాస్త ముందే మీరు వెతుకుతున్న హెలిక్స్ ఉంది. ఈ ఎంజైముకు కోఎంజైము (చర్యలో సాయపడే చిన్న అణువు) అయిన ఎన్‌ఏడీలోని అడినీన్ భాగం కూర్చునే గాడికి అది ఒక గోడ. ఆర్జినిన్ 475 ఉన్న మలుపు చర్య జరిగే చోటైన క్రియాకేంద్రానికి అడుగున ఉంటుంది. లైసీన్ రకంలో ఆ గోడ, ఈ అడుగు రెండూ నిలకడ తప్పాయి. ఎన్‌ఏడీని పట్టుకోవడానికి నూరింతలకు పైగా ఎక్కువ గాఢత కావాలి. పట్టుకున్నాక కూడా పని వేగం బాగా తక్కువే.

ఎన్‌ఏడీ లేకపోతే ఎంత నష్టమో తెలియాలంటే చర్యను దగ్గరగా చూడాలి. సిస్టీన్ 302లోని గంధకం ఎసిటాల్డిహైడ్ కార్బన్‌ను పట్టుకుంటుంది. ఆ క్షణంలో ఆక్సిజన్ మీద చేరే రుణావేశాన్ని ఆస్పరజిన్ 169 నిలబెడుతుంది. తరువాత ఆ కార్బన్ మీది హైడ్రోజన్ రెండు ఎలక్ట్రాన్లను వెంటబెట్టుకుని ఎన్‌ఏడీ మీదికి దూకుతుంది. అప్పుడు గ్లూటమేట్ 268 ఒక నీటి అణువును సిద్ధం చేసి పంపితే, గంధకానికి అంటుకున్న ఎసిటైల్ భాగం ఎసిటేట్‌గా విడిపోతుంది. లైసీన్ రకంలో సిస్టీన్ 302లో ఏ మార్పూ లేదు, గ్లూటమేట్ 268లోనూ లేదు. హైడ్రోజన్ అందుకోవాల్సిన ఎన్‌ఏడీ కుదురుగా కూర్చునే చోటే లేదు.

ఈ కథలో ఎక్కువ భాగం ఇండియానా విశ్వవిద్యాలయంలో థామస్ హర్లీ, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో హెన్రీ వీనర్ బృందాలది. 1997లో ఆవు ఎంజైము నిర్మాణం, 1999లో మనిషిది, 2005లో ఈ లైసీన్ రకం వెలువడ్డాయి. ఆ తరువాత లైసీన్ రకాన్ని ఎన్‌ఏడీతో కలిపి చూస్తే, చెదిరిన భాగంలో చాలావరకు మళ్ళీ కుదురుకుంది. అంటే ఆ హెలిక్స్ ఎక్కడికీ పోలేదు, దానికి ఆసరా కరువైంది.

హారిక_బయోకెమ్:

మాస్టారూ, చాలా కృతజ్ఞతలు. రిమార్క్ 465 చూశాను, మీరన్న రెండు భాగాలూ అందులో ఉన్నాయి. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క లైసీన్ జన్యువే వచ్చినవారిలో సగం ఎంజైము బాగానే ఉండాలి కదా? వారికి కూడా ముఖం ఎర్రబడుతుందని, మిగిలే ఎంజైము పనితనం సగం కంటే బాగా తక్కువని ఎందుకు అంటారు?

ఎక్స్‌రే_మాస్టారు:

జంటల లెక్క వేయండి. రెండు రకాలూ సమానంగా తయారై, ఎవరితో ఎవరైనా కలిస్తే, రెండూ మంచివైన జంటలు నాలుగింట ఒక వంతే. సగం జంటలు మిశ్రమం. ఆర్జినిన్ 475 పక్క గొలుసుది అన్నాను గుర్తుందా? మిశ్రమ జంటలో లైసీన్ తన గొలుసుతో పాటు పక్కనున్న మంచి గొలుసునూ దెబ్బతీస్తుంది. పైగా లైసీన్ ఉన్న కూటమి కణంలో ఎక్కువ కాలం నిలవదు, త్వరగా విచ్ఛిన్నమవుతుంది. సెమినార్‌లో సరిహద్దు బొమ్మ తప్పకుండా చూపించండి. ఆ బొమ్మ లేకుండా జన్యువు లెక్క ఎవరికీ అర్థం కాదు.

ఒసాకా_తెలుగు:

నేను జపాన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసు విందుల్లో ఒక గ్లాసు బీరుకే ముఖం, మెడ కందగడ్డలా ఎర్రబడే సహోద్యోగులు ఉన్నారు. అలవాటైతే తగ్గిపోతుందని పక్కవాళ్ళు ఇంకో గ్లాసు పోస్తుంటారు. నాకు అది చూస్తే బాధగా ఉంటుంది. మద్యంతో వచ్చే ఎసిటాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. ఒక్క లైసీన్ జన్యువు ఉండి తాగుతూనే ఉండేవారికి అన్నవాహిక క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువ. రెండు జన్యువులూ ఉన్నవారు అసలు తాగలేరు కాబట్టి ఎక్కువగా చిక్కుకునేది ఒక్కటి ఉన్నవారే. హారిక గారు ఈ మాట కూడా సెమినార్‌లో చెబితే బాగుంటుంది.

డాక్టరమ్మ_కార్డియాలజీ:

గుండె వైపు నుంచి ఒక మాట. ఈ ఎంజైము మద్యం కోసమే అనుకోవద్దు. నైట్రోగ్లిజరిన్‌ను ఛాతీనొప్పికి వాడవచ్చని 1879లో లండన్‌లో విలియం మరెల్ చూపించారు. దాన్ని శరీరంలో విడగొట్టి రక్తనాళాలను సడలించేలా చేసేది ఈ ఎంజైమేనని 2002లో గానీ తెలియలేదు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ స్టామ్లర్ బృందం కనిపెట్టింది. ఆ పని చేస్తూ చేస్తూ సిస్టీన్ 302 ఆక్సీకరణ చెంది ఎంజైము మూగబోతుంది. నైట్రోగ్లిజరిన్ ప్యాచ్ రోజంతా ఉంచుకుంటే మందు పట్టు తగ్గిపోవడానికి ఇదొక కారణం. అందుకే మేము రాత్రిపూట తీసేయమంటాం. మన దగ్గర చాలామంది నాలుక కింద పెట్టుకునే ఐసోసార్బైడ్ డైనైట్రేట్ మాత్రం ప్రధానంగా ఈ ఎంజైము మీద ఆధారపడదు. ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర మానవద్దు, మార్చవద్దు.

మాస్టారూ, లైసీన్ రకాన్ని మందుతో బాగుచేయవచ్చా?

ఎక్స్‌రే_మాస్టారు:

అమ్మా, ప్రయోగశాలలో అది సాధ్యమైంది. 2008లో స్టాన్‌ఫర్డ్‌లో చె-హాంగ్ చెన్, డారియా మోక్లీ-రోసెన్ బృందం ఆల్డా-1 అనే చిన్న అణువును కనుగొంది. దానివల్ల లైసీన్ రకం పనితనం సుమారు 11 రెట్లు, మామూలు ఎంజైముది 2 రెట్లు పెరిగింది. ఎలుకల్లో గుండెపోటు నష్టం కూడా తగ్గింది. అది ఎక్కడ కూర్చుంటుందో 2010లో హర్లీ బృందంతో కలిసి చూపించారు. ఎసిటాల్డిహైడ్ లోపలికి వెళ్ళే సొరంగం ముఖద్వారం దగ్గరే కూర్చుంది! దారికి అడ్డం పడాల్సిన అణువు పని పెంచుతోందంటే మొదట నాకు నమ్మశక్యం కాలేదు. ఎసిటాల్డిహైడ్ చాలా చిన్నది, మిగిలిన సందులోంచి దూరిపోతుంది. ఆల్డా-1 సిస్టీన్ 302ను తాకదు, చెదిరిన భాగాలకు ఆసరా ఇస్తుంది, అంతే. పెద్ద ఆల్డిహైడ్‌లకు మాత్రం ఆ దారి ఇరుకే.

హారిక గారూ, ఆల్డా-1తో కలిసిన లైసీన్ రకం ఫైలు 3ఐఎన్‌ఎల్. దాన్ని 1జెడ్‌యూఎం మీద పేర్చండి. 245 దగ్గర మొదలుపెట్టి గొలుసు వెంట 270 దాకా వెళ్ళండి. మొదటి ఫైలులో తెగిన చోట ఇందులో హెలిక్స్ కనిపిస్తుంది.