తోట రైలుకు స్టేషన్: సన్‌బోర్డుతో కట్టాలా, సిమెంటుతో పోయాలా?

మీటర్‌గేజ్ (నంద్యాల)

అందరికీ నమస్కారం. పెరట్లో బొమ్మ రైలుకు పట్టాలు పరిచి రెండేళ్లయింది. గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 45 మిల్లీమీటర్లు; స్కేలు 1:22.5, అంటే అసలుకు 22.5 రెట్లు చిన్నది. హెచ్చవేసి చూడండి, 1012 మిల్లీమీటర్ల చిల్లర వస్తుంది. అంటే మన మీటర్‌గేజే. 1968లో జర్మనీలో ఎల్‌జీబీ అనే బొమ్మ రైళ్ల కంపెనీ వాళ్లు అక్కడి మీటర్‌గేజ్ రైళ్ల నమూనాల కోసం పెట్టుకున్న కొలత మన పాత గుంటూరు-గుంతకల్లు లైనుకు అతికినట్టు సరిపోయింది.

ఇప్పుడు స్టేషన్ కట్టాలి. నల్లమలలో చలమ, దిగువమెట్ట వైపు ఊహించుకున్న చిన్న స్టేషన్. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, ముందు రేకుల పంచ. మొదట ప్లైవుడ్‌తో చేశాను. ఒక్క వానాకాలానికి పొరలు విడిపోయాయి, మిగిలింది చెదలు తినేశాయి. పొద్దున లేచి చూస్తే పంచ స్తంభాల్లోంచి మట్టి రాలుతోంది. చాలా బాధేసింది.

ఫ్లెక్స్ బ్యానర్ల షాపు వాళ్లు మిగిలిన సన్‌బోర్డు ముక్కలు ఇస్తామంటున్నారు. మా తాపీమేస్త్రి మాత్రం సిమెంటుతో పోద్దాం అంటున్నాడు. వెయ్యి రూపాయలు దాటకూడదు. మన ఎండకూ వానకూ ఏది నిలుస్తుంది?

తాపీచెయ్యి (కరీంనగర్)

సిమెంటే అన్నా, రెండో మాట లేదు. నా సిగ్నల్ క్యాబిన్ పోసి ఆరేండ్లయింది. ఇంతవరకు రంగు తప్ప ఏం ముట్టుకోలె.

జల్లెడ పట్టిన సన్న ఇసుక రెండు పాళ్లు, సిమెంటు ఒక పాలు. నీళ్లు తక్కువ పోయాలె. అద్దం పలక మీద నూనె రాసి, 12 మిల్లీమీటర్ల మందం గోడ పోసి, నడుమ కోళ్ల జాలీ పెట్టాలె. నాలుగైదు గంటలకు పచ్చి ఆరుతది, వేలితో ఒత్తితే గుంట పడదు గని మేకుతో గీస్తే గీత పడుతది. రాళ్ల వరుసలు గీసుకునేది అప్పుడే. ఆ గంట దాటితే మళ్ల రాదు. తర్వాత తడి గోనెసంచి కప్పి వారం రోజులు నీళ్లు పట్టాలె. ఎర్ర ఆక్సైడ్ కలిపితే గోడకు లోపలిదాకా అదే రంగు.

ఇంకోటి, మా దిక్కు కోతులు. ప్లాస్టిక్ గుడిసెను అవి ఒక్క పూట ఉంచవు.

బ్యానర్‌బోర్డు (విజయవాడ)

తాపీచెయ్యి గారూ, మీ పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ నంద్యాల వారి కొలత లెక్కేయండి. గోడలూ కప్పూ కలిపి 12 మిల్లీమీటర్ల సిమెంటంటే దాదాపు 15 కిలోలు. పట్టాల కింద కంకర సర్దాలన్నా, చీమలు చేరినా ఇద్దరు పట్టుకుని లేపాలి. అదే 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డయితే రెండు కిలోల లోపే. ఒంటిచేత్తో ఎత్తి వరండాలో పెట్టుకోవచ్చు.

సన్‌బోర్డంటే నురుగు పీవీసీ. నీళ్లు పీల్చదు, చెదలు ముట్టవు, మామూలు కట్టరుతో తెగుతుంది. పెన్సిలుతో గట్టిగా ఒత్తి గీస్తే రాతి గోడ వచ్చేస్తుంది, గంట గడువు కోసం పరుగెత్తక్కర్లేదు.

ఒక జాగ్రత్త. షాపులో 'ఫోమ్ బోర్డు' అనడిగితే థర్మకోల్‌కి రెండువైపులా కాగితం అంటించినది చేతిలో పెడతారు. అది మొదటి వానకే ఉబ్బిపోతుంది. అంచు చూడండి: కాగితం పొర కనపడితే వదిలేయండి. అంతా ఒకే తెల్లటి పదార్థం ఉంటేనే తీసుకోండి.

తాపీచెయ్యి (కరీంనగర్)

మరి ఎండ సంగతి? మా దోస్తు సన్‌బోర్డుతోనే గూడ్స్ షెడ్డు కట్టిండు. మే నెల దాటేసరికి కప్పు నడుమ చెయ్యి పట్టేంత లోతుగా వంగింది. నేను కండ్లార చూసిన.

బ్యానర్‌బోర్డు (విజయవాడ)

కప్పుకు నల్ల రంగు వేశారా? పీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, నురుగు పలక బరువు మోయాల్సివస్తే అంతకు ముందే వంగుతుంది. 44 డిగ్రీల ఎండలో నల్లటి కప్పు 70 దాటడం వింతేమీ కాదు. అందుకే సన్‌బోర్డుతో గోడలే కట్టాలి, కప్పు వద్దు.

కప్పుకు కూల్‌డ్రింక్ డబ్బా రేకు వాడండి. అసలు ముడతల రేకుల్లో ఒక ముడతకూ ఇంకో ముడతకూ మధ్య 76 మిల్లీమీటర్లు, మన స్కేల్లో 3.4. పాత సైకిల్ చువ్వలు ఆ దూరంలో చెక్కకు అంటించి, డబ్బా రేకు పైన పరిచి, ఇంకో చువ్వతో ఒక్కో గాడిలోకి ఒత్తుకుంటూ పోవాలి. మొదటి రేకు పాడవుతుంది, మూడోదానికి చెయ్యి కుదురుతుంది. కింద పొడవునా రెండు అల్యూమినియం పట్టీలు, చూరు కింద గాలి పోవడానికి సందు. నా స్టేషన్ బెజవాడ ఎండలో నాలుగు వేసవులు నిలిచింది.

తూర్పుగాలి (విశాఖ)

ఇద్దరూ ఎండావానా అంటున్నారు, గాలి మాటెత్తరేంటి? హుద్‌హుద్ లాంటి తుపాను దాకా అక్కర్లేదండి, మామూలు ఈదురుగాలికే నా సన్‌బోర్డు స్టేషన్ లేచి పక్కింటి ప్రహరీ అవతల పడింది. తేలికదనం మేలని చెప్పేవాళ్లు ఇది కూడా చెప్పాలి.

అప్పట్నుంచీ కింద కడప బండ వేస్తున్నాను. గ్రానైట్ షాపు వెనకాల విరిగిన ముక్కలు ఊరికే ఇచ్చారు. బండకు నాలుగు కన్నాలు కొట్టించి, లోపలి మూలల్లో పెట్టిన ఎల్ క్లాంపులకు స్టీలు బోల్టులు. బండ కొంచెం వాలుగా ఉండాలి, గోడ అడుగున నీరు పోయే సందు వదలాలి.

చలిదేశం (న్యూజెర్సీ)

ఊరు వేరైనా అనుభవం చెప్తాను. ఇక్కడ సిమెంటు గోడ రెండో చలికాలానికే మూలలు పెచ్చులూడింది. లోపలికి చేరిన నీరు గడ్డకడితే 9 శాతం వరకు ఉబ్బుతుంది కదా. మీకు ఆ బాధ లేదు, కాబట్టి సిమెంటును కొట్టిపారేయను. అయితే ఇక్కడ ఇళ్ల కిటికీల చుట్టూ కొట్టే పట్టీలు చాలావరకు నురుగు పీవీసీవే. రంగు వేస్తే ఏళ్ల తరబడి ఎండకూ మంచుకూ తట్టుకుంటున్నాయి.

త్రీడీ ప్రింటింగ్ ఉన్నవాళ్లకు ఒక్క మాట. పీఎల్ఏ అనే మామూలు ప్రింటింగ్ ప్లాస్టిక్‌తో కిటికీలు చేయకండి, 60 డిగ్రీలకే వాలిపోతాయి. ఎండకు తట్టుకునే ఏఎస్ఏ ప్లాస్టిక్ వాడండి.

మీటర్‌గేజ్ (నంద్యాల)

చాలా నేర్చుకున్నాను. అంటించడం దేనితో? ఫెవికాల్ సరిపోతుందా?

బ్యానర్‌బోర్డు (విజయవాడ)

వద్దండీ. మామూలు తెల్ల ఫెవికాల్ తడికి మళ్లీ మెత్తబడుతుంది. పైపులకు పూసే పీవీసీ సాల్వెంట్ పల్చగా రాయండి, లోపలి మూలల్లో చదరపు పుల్ల ఒకటి పెట్టండి. ఇంకోటి: 60 సెంటీమీటర్ల గోడ చలికాలం తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ మధ్య దాదాపు రెండు మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే బండకు బిగించే కన్నాలు గుండ్రంగా కాక కోలగా కోయండి. బిగుతుగా పట్టేస్తే గోడ ఉబ్బుతుంది. రంగుకు ముందు ఎమెరీ పేపరుతో గరుకు చేసి, బయటి గోడల ఎమల్షన్ రెండు పూతలు వేయండి, లేతరంగే.

తాపీచెయ్యి (కరీంనగర్)

కోలగా కన్నాలు, లేతరంగు, రేకు కింద పట్టీలు, అడుగున బండ... ఇన్ని జాగ్రత్తలు ఉన్నయి. నేను పోసి మర్చిపోయిన. స్టేషన్ మీ ఇష్టం, ప్లాట్‌ఫారం మాత్రం సిమెంటుతోనే పోయండి అన్నా. సన్‌బోర్డు ముక్కలనే అచ్చుగా నిలబెట్టి పోస్తే అంచు కత్తిలెక్క వస్తది, అచ్చు మళ్ల పనికొస్తది.

మీటర్‌గేజ్ (నంద్యాల)

అలాగే చేస్తాను అన్నా. ఆదివారం ప్లాట్‌ఫారం పోత, మేస్త్రిని రమ్మన్నాను. సన్‌బోర్డు ముక్కలు ఈ సాయంత్రమే తెచ్చా, 120 రూపాయలు. అంచు చూసే తీసుకున్నాను, కాగితం పొర లేదు. విశాఖ వారూ, ఆ ఎల్ క్లాంపులు ఎంత సైజువో ఒక్కసారి చెప్పండి, బండకు కన్నాలు కొట్టించే ముందే కావాలి.