మహిళా డైరెక్టర్ల పరిచయాలు: మేలు చేసేవి, నోరు కట్టేసేవి విడదీయడం ఎలా?

బోర్డులో మహిళలుంటే కంపెనీల్లో అక్రమాలు తగ్గుతాయా అన్నది నా పీహెచ్‌డీ అంశం. ఒకచోట ఇరుక్కుపోయాను, సాయం చేయండి.

మొదట ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాను. దాంతో ఏమీ తేలలేదు. లెక్కల మోసంతో 2001లో కూలిన అమెరికా కంపెనీ ఎన్‌రాన్‌లో, లెక్కలు తనిఖీ చేయాల్సిన ఆడిట్ కమిటీలోనూ ఒక మహిళ ఉన్నారు మరి! నార్వేలో 2003 నాటి చట్టంతో కంపెనీ బోర్డుల్లో మహిళలకు 40 శాతం కోటా వచ్చాక కొందరు మహిళలు ఒకేసారి చాలా బోర్డుల్లో చేరారు. అలాంటి ఆవిడకు వేరే కంపెనీలో లెక్కల గోల్‌మాల్ ఎలా బయటపడిందో తెలుస్తుంది. అదే ఆవిడ సీఈఓకి పాత సహోద్యోగి అయితే, గట్టిగా అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. నా ఎక్సెల్ షీటులో మాత్రం ఈ రెండు రకాల పరిచయాలకూ ఒకే కాలమ్, పరిచయం ఉంటే ఒకే '1'. వీటిని ఎలా విడదీయాలి?

ఇంకో తలనొప్పి. మనకు కనిపించేవి దొరికిపోయిన అక్రమాలే. మహిళా డైరెక్టర్ నిలదీసి బయటపెడితే, ఆవిడ వచ్చాకే తప్పులు పెరిగినట్టు నా లెక్క చూపిస్తోంది. అక్రమం జరగడాన్నీ అది దొరకడాన్నీ వేర్వేరుగా అంచనా వేసే గణాంక మోడల్, పార్షియల్ అబ్జర్వబిలిటీ ప్రోబిట్ ప్రయత్నించాను, మోడల్ కన్వర్జ్ కావడం లేదు, అంటే లెక్క ఒక స్థిరమైన జవాబుకి రావడం లేదు. మా గైడ్‌ని అడిగితే "ఇంకో రెండు వేరియబుల్స్ కలుపు" అంటారు, అంతే. ఈ మోడల్ నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అక్రమం చేయడానికి, అది దొరకడానికి వేర్వేరుగా ఏ వేరియబుల్స్ పెట్టారు?