డీఆర్ 3 శాతం పెరిగిందన్నారు, నాకు 2 శాతం కూడా పెరగలేదేం?

పాత లెడ్జరు:
నమస్కారమండీ. తపాలా శాఖలో 34 ఏళ్ళు లెక్కలు రాసి 2017లో రిటైరయ్యాను. ఆ అలవాటు ఇంకా పోలేదు. పెన్షన్ పడగానే పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకొచ్చి నోటుబుక్కులో ఎక్కిస్తాను.

2025 జులై నుంచి డీఆర్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు పెన్షనర్లకిచ్చే కరువు భృతి) 55 నుంచి 58 శాతానికి పెంచుతున్నట్టు అక్టోబరులో ప్రకటించారు కదా. 3 శాతమే కదా అని నేను ముందే లెక్క వేసి పెట్టుకున్నాను. నా బేసిక్ పెన్షన్ 26,000. వైద్య భత్యం పక్కన పెడితే నెలకు 40,300 వచ్చేది. అందులో 3 శాతం అంటే 1,209. తీరా చూస్తే పెరిగింది 780. మూడు నెలల ఎరియర్స్ కూడా ఆ చొప్పునే, 2,340 పడ్డాయి. నెలకు 429 రూపాయలు ఎటు పోయినట్టు? బ్యాంకులో అడిగితే "సిస్టమే వేస్తుంది సార్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. సిస్టమ్‌కి ఎవరో ఒకరు చెప్పి ఉంటారు కదా!

ఇంకో విచిత్రం. నా స్నేహితుడిదీ ఇదే బేసిక్. వాడు పెన్షన్‌లో 40 శాతం కమ్యూట్ చేసుకున్నాడు, అంటే ఆ భాగానికి బదులు ఒకేసారి డబ్బు తీసుకున్నాడు; నేను చేసుకోలేదు (అప్పట్లో అందరూ నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశారు). వాడికీ సరిగ్గా 780 పెరిగింది. ఇదెలా?

ఆడిట్ మనిషి:
ఎటూ పోలేదు సార్. ఆ 3 మీ చేతికొచ్చే మొత్తం మీద కాదు, బేసిక్ మీద. 26,000లో 3 శాతం 780, సరిపోయింది. కమ్యూట్ చేసినా డీఆర్ మాత్రం పూర్తి బేసిక్ మీదే ఇస్తారు కాబట్టి మీ స్నేహితుడికీ అంతే. ఆయనకు చేతికి వచ్చేది 29,900 కాబట్టి శాతంలో చూస్తే 2.6 పెరిగినట్టు, మీకు 1.94.

అసలు తిరకాసు ఎక్కడంటే, డీఆర్ ఏటా ఇచ్చే ఇంక్రిమెంటు లాంటిది కాదు. ధరల సూచీ 2015 సగటు (261.42) నుంచి 2025 జులై విడత దాకా ఎంత శాతం పెరిగిందో, ఆ మొత్తమే 58. పన్నెండు నెలల సగటు తీసి, దశాంశం తర్వాత వచ్చింది వదిలేస్తారు. 2015 సగటును 100 అనుకుంటే, 155 ఉన్నది 158 అయిందంటే ధరలు పెరిగింది కూడా దాదాపు 1.94 శాతమే. 2016 జులైలో డీఆర్ 2 శాతం ఉన్నప్పుడు 3 పాయింట్లంటే నిజంగానే 3 శాతానికి దగ్గర. ఇప్పుడు కాదు. పేపర్లో హెడ్డింగు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక్కలాగే వేస్తారు.

గోదారి పిల్ల:
మా అక్క అమెరికాలో ఫెడరల్ ఉద్యోగం చేసి రిటైరైంది. అక్కడ ఏడాదికోసారి, అప్పటికి వస్తున్న పెన్షన్ మీదే పెంచుతారు. వినడానికి బాగుంటుంది గానీ, ధరలు 3 శాతం దాటి పెరిగితే మా అక్క ఉన్న కొత్త పథకంలో ఒక శాతం కోసేస్తారు. 2023లో పాత పథకం వాళ్ళకి 8.7 శాతం ఇచ్చి, అక్క పథకం వాళ్ళకి 7.7 ఇచ్చారు. ఆ కోత మళ్ళీ కలపరు కూడా. మన పద్ధతి ఆ విషయంలో నయం అనిపిస్తుంది నాకు.

సుశీలమ్మ:
నయమే అమ్మా, ఆపకుండా ఇస్తే. 2020 జనవరి, జులై, 2021 జనవరి, మూడు విడతలు ఆపేశారు. 2021 జులైలో 17 నుంచి 28కి ఒక్కసారే పెంచారు గానీ ఆ 18 నెలల ఎరియర్స్ ఇవ్వలేదు. మావారు ఆ మధ్యలోనే పోయారు. పోయే ముందు వారం కూడా "మూడు డీఏలు కలిపి వస్తాయే, బాత్‌రూములో పట్టుకోడానికి రాడ్లు పెట్టిద్దాం" అన్నారు. ఇప్పుడు నాకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది, దాని మీద డీఆర్ సక్రమంగానే పడుతోంది. రాడ్లు మా అబ్బాయి పెట్టించాడు.

ఆడిట్ మనిషి:
అమ్మా, ఆ మాటకి నా దగ్గర లెక్క లేదు.

లెడ్జరు గారూ, మీరు పక్కన పెట్టిన వైద్య భత్యం ఒకసారి చూడండి. 2017 జులై నుంచి నెలకు 1,000, అంతే. దాని మీద డీఆర్ లేదు. అప్పుడు డీఆర్ 5 శాతం, 2025 జులైకి 58. అంటే ఆ రోజు 1,000కి వచ్చింది ఈ రోజు కొనాలంటే 1,500 కావాలి. అది కూడా సూచీ లెక్క. ఆ సూచీ కార్మిక కుటుంబాల ఖర్చుల మీద కట్టింది, అందులో మందులకి మన ఇళ్ళలో ఉన్నంత వాటా ఉండదు.

పాత లెడ్జరు:
ఇందాక స్నేహితుడికి ఫోన్ చేసి చెప్పాను. "నీకు 2.6, నాకు 1.94" అంటే తెగ సంబరపడ్డాడు. వాడికి చేతికొచ్చేది నాకన్నా 10,400 తక్కువని గుర్తు చేయలేదు.

సుశీలమ్మ గారూ, మీ మాట చదివాక నా 429 గురించి ఇంత గొడవ చేసినందుకు సిగ్గేసింది. నోటుబుక్కులో దాన్ని కొట్టేశాను. దాని కింద వైద్య భత్యం వరస ఉంది. 2017 నుంచి ప్రతి నెలా నా చేత్తో 1,000 అనే రాశాను, నాలుగు నోటుబుక్కుల్లో. ఒక్కసారీ అనుమానం రాలేదు చూడండి.