కొత్తగా వచ్చాను, పన్ను జివ్వుమంటోంది: డెంటిస్టు దగ్గర ఏం అడగాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారమండి. ఈ కొత్త దేశానికి వచ్చి రెండు నెలలైంది. బయల్దేరే ముందు కింద ఎడమవైపు దవడ పన్నుకి ఫిల్లింగ్ వేయించాను. చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది. ఫ్యామిలీ డెంటిస్టుకి ఫోన్ చేస్తే ముందు చెకప్, ఎక్స్‌రేలు, క్లీనింగ్ అన్నారు. ఒక్క పన్ను కోసం ఇవన్నీ కావాలా? క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని ఇంట్లో భయపెడుతున్నారు. ఆరేళ్ల పాపని కూడా చూపించాలి.

జవాబు 1 (దంతవైద్యం చేసేవారు)

ముందు ఆ నొప్పి తీరు గమనించండి. డాక్టరుకి ఎక్స్‌రే ఎంత ముఖ్యమో మీరు చెప్పే వర్ణన కూడా అంతే ముఖ్యం. చల్లనిది తగిలి, తీసేసిన కొద్ది సెకన్లలో జివ్వుమనడం ఆగిపోతే లోపలి నరం చిరాకుపడిందని అర్థం. కోలుకునే అవకాశం ఉంది. చల్లనిది తీసేశాక కూడా అర నిమిషం, నిమిషం సలుపుతూ ఉంటే, వేడి తగిలితే పెరుగుతుంటే, ఏమీ తగలకపోయినా రాత్రి నిద్రలేపుతుంటే నరం వాచి తిరిగి కోలుకోలేని దశకి వెళ్లి ఉండొచ్చు. అప్పుడు రూట్ కెనాల్ మాట వస్తుంది. కొరికినప్పుడు మాత్రమే నొప్పి అయితే ఫిల్లింగ్ ఎత్తుగా ఉందేమో చూడాలి. కొరికి వదిలేటప్పుడు చురుక్కుమంటే పన్నులో పగులు ఉందేమో అనుమానించాలి. ఫోన్‌లో అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడు ‘పన్ను నొప్పి’ అని సరిపెట్టకండి. ఏది తగిలితే, ఎన్ని సెకన్లు, ఎన్ని రోజులుగా అన్నది చెబితే ఎంత త్వరగా చూడాలో వాళ్లకి తెలుస్తుంది.

మొహం వాచడం, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడం కష్టమవడం, వాపు కంటివైపో మెడవైపో పాకడం, వీటిలో ఏదున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇంటి నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ వేసుకుని కూర్చోవద్దు. చీము తాత్కాలికంగా తగ్గినా మూలం పన్ను లోపలే ఉంటుంది, మందు అక్కడికి చేరదు. ఆస్పిరిన్ బిళ్లని చిగురు మీద పెట్టడం మరీ ఘోరం, చర్మం కాలి తెల్లగా ఊడివస్తుంది.

జవాబు 2 (డెంటల్ హైజీనిస్టు, అంటే క్లినిక్‌లో పళ్లు శుభ్రం చేసేవారు)

క్లీనింగ్ సంగతి నేను చెబుతాను. పళ్లు వదులు కావు. పాచి మెత్తగా ఉన్నంతవరకు బ్రష్‌తో పోతుంది. లాలాజలంలోని ఖనిజాలు చేరి గారగా గట్టిపడ్డాక ఏ బ్రష్షూ తీయలేదు. లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేచోటు కాబట్టి కింది ముందుపళ్ల లోపలివైపు, పై దవడ పళ్ల బుగ్గవైపు గార త్వరగా పేరుకుంటుంది. ఏళ్లుగా సందుల్ని పూడ్చిన గార తీసేస్తే ఖాళీ కనిపిస్తుంది, వాచిన చిగురు కూడా తగ్గుతుంది. దాన్నే జనం ‘పళ్లు వదులయ్యాయి’ అంటారు. గార తీశాక కొన్నాళ్లు చల్లదనానికి జివ్వుమనొచ్చు, అది మామూలే.

మొదటిరోజు ఒక సన్నటి గీతల పుల్లతో చిగురు అంచున కొలుస్తూ ‘రెండు, మూడు, రెండు’ అని అంకెలు చదువుతారు. పన్నుకి ఆరుచోట్ల మిల్లీమీటర్లలో లోతు అది. మూడు దాకా బాగున్నట్టే. నాలుగు అంటే గమనించాలి. అయిదు, ఆరు వస్తూ రక్తం కూడా కారుతుంటే చిగుళ్ల జబ్బు. మొదటిసారే ‘డీప్ క్లీనింగ్ (చిగురు కింద వేర్ల మీది గార తీయడం) కావాలి’ అన్నారనుకోండి, ‘నా అంకెలు చూపించండి, ఎక్స్‌రేలో ఎముక తగ్గిందా?’ అని అడగండి. అడిగినందుకు మంచి క్లినిక్‌లో ఎవరూ నొచ్చుకోరు.

ఇంట్లో చేయాల్సింది: 1000 నుంచి 1500 పీపీఎం ఫ్లోరైడ్ పేస్టు, మెత్తటి బ్రష్, రోజుకి రెండుసార్లు, రెండేసి నిమిషాలు. కుంచెని చిగురు అంచుకి 45 డిగ్రీలు వాల్చి చిన్నచిన్న కదలికలు, అంతేగానీ అడ్డంగా రుద్దడం కాదు. అయ్యాక ఉమ్మేయండి, నీళ్లతో పుక్కిలించకండి. పుక్కిలిస్తే ఫ్లోరైడ్ చాలావరకు కొట్టుకుపోతుంది.

ఫ్లాస్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మూరెడు దారం తీసుకుని రెండు నడిమి వేళ్లకి చుట్టండి. మధ్యలో రెండు మూడు సెంటీమీటర్లు బిగువుగా ఉంచి, పళ్ల మధ్యకి రంపంలా మెల్లగా కదుపుతూ దించండి. టక్కున తోస్తే చిగురు తెగుతుంది. దిగాక దారాన్ని ఒక పన్ను చుట్టూ వంచి, చిగురు కిందికి కాస్త జారేదాకా దించి, నాలుగైదుసార్లు పైకీ కిందికీ. అదే సందులో పక్క పన్నుకీ ఇలాగే. మొదట్లో రక్తం వస్తే మానకండి. రెండు వారాలు రోజూ చేసినా ఆగకపోతే చూపించండి. దారం ప్రతిసారీ ఒకే చోట పోగులు పోతుంటే ఫిల్లింగ్ అంచు గరుకుగా ఉందనో, పక్కన పుచ్చు మొదలైందనో అర్థం. డాక్టరుకి ఆ సందు చూపించండి.

జవాబు 3 (క్లినిక్‌లో కాగితాలు చూసేవారు)

ఎక్స్‌రేలు ఉంటే వెంట తీసుకెళ్లండి, ఫోన్‌తో తీసిన ఫొటో కాదు, అసలు ఫైలు. మొత్తం దవడ కనిపించే ఓపీజీ ఉన్నంత మాత్రాన సరిపోదు. పళ్ల మధ్య పుచ్చులు, ఫిల్లింగ్ అంచులు తేలేది కొరికి పట్టుకుని తీసే బైట్‌వింగ్‌లో. వేరు చివర చూడాలంటే ఒక్క పన్నుకి తీసేది వేరే ఉంటుంది. అందుకే ఒక్క పన్నుకైనా రెండు రకాలు తీయొచ్చు.

పన్ను నెంబర్లతో జాగ్రత్త. చాలా దేశాల్లో రెండంకెల పద్ధతి: ముందు అంకె దవడ భాగం, రెండోది మధ్య నుంచి ఎన్నో పన్ను అన్నది. అమెరికాలో మాత్రం 1 నుంచి 32 దాకా వరసగా లెక్కిస్తారు. మీ కింది ఎడమ మొదటి దవడ పన్ను ఒకచోట 36, మరోచోట 19. ఇంకా ప్రమాదం 18తో: ఒక పద్ధతిలో పై కుడి జ్ఞానదంతం, మరో పద్ధతిలో కింది ఎడమ రెండో దవడ పన్ను! పాత రిపోర్టు ఇచ్చేటప్పుడు అంకెతోపాటు ‘కింద, ఎడమ’ అని మాటల్లోనూ చెప్పండి.

చికిత్స ఎస్టిమేట్ రాతపూర్వకంగా అడగండి. ఇన్సూరెన్స్ ఉంటే వెయిటింగ్ పీరియడ్ (పాలసీ మొదలయ్యాక ఖర్చు ఇవ్వకుండా ఆగే కాలం), ఏడాదికి ఇచ్చే ఖర్చు పరిమితి రెండూ చూసుకోండి. రక్తం పలచబడే మందులు, ఎముకల బలహీనతకి వాడే మాత్రలు లేదా ఇంజెక్షన్లు, గర్భం ఉంటే ఫారంలో తప్పక రాయండి. పన్ను తీయించే ముందు ఆ మందులు మీ అంతట మీరు ఆపొద్దు.

జవాబు 1 మళ్లీ

పాప గురించి ఎవరూ చెప్పలేదు. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనక కొత్త దవడ పళ్లు వస్తాయి. వాటికోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి పెద్దవాళ్లు వాటినీ పాలపళ్లే అనుకుని, పుచ్చితే ఊడిపోతుందిలే అని వదిలేస్తారు. అవి జీవితాంతం ఉండాల్సిన పళ్లు. లోతైన గాడులుంటే సీలెంట్, అంటే గాడుల్ని మూసే పూత, వేయించండి. డ్రిల్లింగ్ ఉండదు, ఇంజెక్షన్ ఉండదు. పన్ను పూర్తిగా బయటికొచ్చి, పొడిగా ఉంచగలిగినప్పుడే అది నిలుస్తుంది. పేస్టు బఠాణీ గింజంత, బ్రష్ చేయడం మీ చేత్తో.

ప్రశ్న అడిగినవారు

ఇవాళ గడియారం పెట్టుకుని చూశానండి. చల్లనిది తగిలితే మూడు నాలుగు సెకన్లే. అయితే అటువైపు గట్టిది నమిలితే నొప్పి, అన్నిటికన్నా ముందు ఆ పన్నే తగులుతున్నట్టుంది.

జవాబు 1

అయితే ఫిల్లింగ్ ఎత్తుగా ఉండే అవకాశమే ఎక్కువ. మత్తు ఇంజెక్షన్ వేసి పడుకోబెట్టి కొరకమంటే దవడ మామూలు తీరున మూసుకోదు. మత్తు దిగాక గానీ తేడా తెలియదు. పళ్ల మధ్య రంగు కాగితం పెట్టి కొరికిస్తారు, ముదురు మచ్చ పడినచోట రవ్వంత అరగదీస్తారు. అయిదు నిమిషాల పని, మత్తు అక్కర్లేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, దవడ పక్కలకి జరుపుతూ కూడా కొరికి చూపించండి. సరిచేశాక కొన్ని రోజుల్లో తగ్గాలి. రెండు వారాలైనా చల్లదనానికి అలాగే ఉంటే, లేదా సెకన్లు పెరుగుతుంటే మళ్లీ వెళ్లి నరం పరీక్ష, వేరు చివరి ఎక్స్‌రే అడగండి. అంతవరకు అటువైపు గట్టివి కొరక్కండి.